బనీను నుంచి మొదలుపెడదాం

చొక్కా చల్లగా ఉండటం వేరు, అది తొడుక్కున్న పిల్లవాడు చల్లగా ఉండటం వేరు. బట్టల కొట్టులో ఏసీ కింద మడతపెట్టి ఉంచిన 'కూల్' టీషర్టును చేత్తో తాకితే జిల్లుమంటుంది. ఆ జిల్లు అబద్ధమేమీ కాదు. నైలాన్ లాంటి నున్నటి దారంతో ఒత్తుగా అల్లిన గుడ్డ చర్మంలోని వేడిని గబుక్కున లాక్కుంటుంది కాబట్టి ముట్టుకున్న క్షణంలో చల్లగా తోస్తుంది. ఒంటి మీదికెక్కిన కాసేపటికి అదీ ఒంటి వేడికి వచ్చేస్తుంది. కొట్టువాడు మీకు అమ్మింది ఆ మొదటి నిమిషాన్ని.

వేసవి బట్టల గురించి తల్లిదండ్రులు ఎప్పుడూ అడిగే ప్రశ్న "ఏ గుడ్డ మంచిది?" అని. దానికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది: దేని మీద దేన్ని వేస్తున్నాం? మన పిల్లలు ఒక్క పొరతో తిరిగేది తక్కువ. మగపిల్లవాడికి బనీను, చొక్కా, టై. ఆడపిల్లకు షిమ్మీ, చుడీదార్ టాపు, దాని మీద బొత్తాల ఓవర్‌కోటు, కొన్ని బళ్లలో చున్నీ కూడా. పెళ్లికి తీసుకెళ్తే పట్టు లంగా, దానికి లైనింగ్, లోపల లంగాను ఉబ్బుగా నిలబెట్టే క్యాన్‌క్యాన్. పసిబిడ్డకైతే జుబ్బా, డైపరు, టోపీ, మేజోళ్లు, పైన టవలు. విడివిడిగా చూస్తే అన్నీ మంచివే కావచ్చు. కలిపి తొడిగినప్పుడు ఒకదాని పనిని ఇంకొకటి చెడగొట్టకుండా ఉందా అన్నదే మనం చూసుకోవాలి.

కాస్త ఓపిక పడితే లోపల జరిగేదేమిటో చెబుతాను. మన చర్మం వేడి మామూలుగా 33 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటుంది. చుట్టూ గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతసేపూ ఒంటి వేడి దానంతటదే బయటికి పోతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో పాదరసం 44, 45 దాకా ఎగబాకినప్పుడు వ్యవహారం తిరగబడుతుంది, గాలే ఒంటికి వేడి ఎక్కిస్తుంది. అప్పుడు శరీరానికి మిగిలిన దారి ఒక్కటే, చెమట ఆవిరి కావడం. ఒక గ్రాము చెమట ఆవిరైతే దాదాపు 2,400 జౌల్స్ వేడిని పట్టుకుపోతుంది. అయితే ఆవిరైతేనే. కారిపోయిన చెమట వల్ల ఒంటికి చల్లదనం రాదు, ఒంట్లోని నీరూ ఉప్పూ మాత్రం పోతాయి.

ఇంకో మెలిక కూడా ఉంది. చెమట ఎక్కడ ఆవిరవుతోందన్నదీ లెక్కే. చర్మం మీదనో, చర్మానికి ఆనుకున్న పల్చటి పొరలోనో ఆవిరైతే ఆ వేడి ఒంట్లోంచి పోతుంది. మూడో పొరలోకి పీల్చుకుపోయి అక్కడ ఆవిరైతే చల్లబడేది ఎక్కువగా ఆ గుడ్డ, దాని చుట్టూ ఉన్న గాలి. కుండలో నీళ్లు చల్లబడటం ఇలాంటిదే: చెమ్మ కుండ గోడ మీదనే ఆరాలి, ఆ కుండకు ప్లాస్టిక్ సంచి తొడిగితే ఎన్ని గంటలు ఆగినా చల్లబడదు.

పిల్లల ఒళ్లు ఇంకొంచెం త్వరగా వేడెక్కుతుంది. చిన్న ఒంటికి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ, కాబట్టి బయటి గాలి ఒంటికన్నా వేడిగా ఉంటే ఆ వేడిని వాళ్లు మనకంటే తొందరగా లోపలికి తీసుకుంటారు. పైగా ఆటలో పడ్డ పిల్లవాడు "అమ్మా, ఉక్కగా ఉంది" అని ఆగి చెప్పడు. పసివాడికైతే టోపీ తీసి అవతల పారేసే స్వతంత్రం కూడా లేదు.

ఈ మధ్య కొందరు తల్లిదండ్రులు ఖరీదైన 'టెంపరేచర్ కంట్రోల్' బట్టల గురించి వాకబు చేస్తున్నారు. వాటి వెనక నిజమైన శాస్త్రం ఉంది, తీసిపారేయనక్కర్లేదు. 1980ల్లో నాసా కోసం అమెరికాలో జరిగిన పరిశోధనలో, సన్నటి గుళికల్లో ఒక రకం మైనాన్ని నింపి గుడ్డలో కలపడం నేర్చారు. ఒంటి వేడికి ఆ మైనం కరుగుతుంది, కరిగేటప్పుడు వేడిని తాగుతుంది, చలి తగిలితే గడ్డకట్టి ఆ వేడిని తిరిగి ఇస్తుంది. చలిదేశాల్లో కాసేపు బయట, కాసేపు లోపల తిరిగేవాళ్లకు ఇది హాయి. మనకెంత అక్కరకొస్తుందో లెక్క వేసుకోండి. ఇలాంటి మైనం ఒక గ్రాము కరిగితే పట్టుకునే వేడి 200 జౌల్స్ పైచిలుకు. చొక్కాలో 20 గ్రాములు ఉందనుకున్నా అంతా కలిపి నాలుగైదు వేల జౌల్స్. పరుగెడుతున్న పదేళ్ల పిల్లవాడి ఒళ్లు సెకనుకు 200 జౌల్స్‌కు పైగా వేడి పుట్టిస్తుంది. అంటే ఆ చొక్కా దాచగలిగింది ఇరవై సెకన్ల వేడి. ఇంకా తమాషా ఏమిటంటే, వీటిలో వాడే మైనం చాలావరకు 28 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. రోహిణి కార్తెలో మన బీరువా లోపలే అంతకన్నా వేడి. చొక్కా పిల్లవాడి ఒంటి మీదికి రాకముందే కరిగి కూర్చుంటుంది.

ఫ్యాక్టరీ కార్మికుల కోసం ఇదే సూత్రంతో కిలోల బరువున్న జాకెట్లు చేస్తారు, ఐసునీళ్లలోనో ఫ్రిజ్‌లోనో పెట్టి తీసి వేసుకోవాలి. అవి కొలిమి దగ్గర పనిచేసే పెద్దవాళ్లకే, పిల్లలకు వద్దు. మెడకు చుట్టుకునే 'కూలింగ్ టవల్' సంగతి వేరు. అది నీటితో పనిచేస్తుంది, కాబట్టి కర్నూలులోనో ఆదిలాబాద్‌లోనో పొడిగాలికి బాగానే ఉంటుంది. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో నీరు ఆవిరయ్యే చోటే లేదు, మెడకు ఒక తడిగుడ్డ బరువు తప్ప మిగిలేదేమీ ఉండదు. ఎక్కడైనా సరే, ఆరిపోయాక మెడ మీద ఉంచకండి. ఆరిన టవలు గాలిని అడ్డుకునే ఇంకో పొర, అంతే.

కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2016లో ఒక కొత్త గుడ్డ చూపించారు. సన్నటి రంధ్రాలున్న పాలిథీన్ పొర అది. మన ఒళ్లు కంటికి కనబడని పరారుణ కిరణాలుగా కొంత వేడిని వదులుతూ ఉంటుంది. పత్తి గుడ్డ దాన్ని ఆపేస్తే ఈ పొర పోనిస్తుంది. పత్తి కప్పినప్పటికన్నా చర్మం రెండు డిగ్రీలకు పైగా చల్లగా ఉంటుందని వాళ్ల లెక్క. చక్కటి ఆలోచనే. కానీ చుట్టూ గోడలూ నేలా ఒంటికన్నా వేడెక్కి ఉన్న చోట ఆ కిరణాల బేరం మనకు నష్టంలోనే ముగుస్తుంది. చల్లటి గది లోపల నప్పే గుడ్డ మిట్టమధ్యాహ్నపు బడి ఆవరణలో నప్పదు.

నన్నడిగితే ఈ కొత్త బట్టలన్నిటికన్నా పాతకాలపు ఎడారి వస్త్రం ఎక్కువ నేర్పుతుంది. సినాయ్ ఎడారిలో బెడూయిన్లు మండుటెండలో నల్లటి అంగీలు వేసుకుంటారు. నలుపు వేడిని లాగుతుంది కదా, వాళ్లకేం పిచ్చా అని అనుమానం వచ్చిన శాస్త్రవేత్తలు ఎండలో మనిషిని నిలబెట్టి కొలిచారు. ఆ ఫలితం 1980లో 'నేచర్' పత్రికలో వచ్చింది. నల్లంగీ గుడ్డ తెల్లదాని కన్నా వేడెక్కిన మాట నిజమే. కానీ ఆ అదనపు వేడి చర్మం దాకా రాలేదు. అంగీ వదులుగా ఉండటం వల్ల గుడ్డకూ ఒంటికీ మధ్య గాలి కదులుతూ ఆ వేడిని మధ్యలోనే ఎత్తుకుపోయింది. నల్లంగీ లోపలి మనిషికి చేరిన వేడి తెల్లంగీ లోపలి మనిషికి చేరినంతే. దీన్ని చదివి పిల్లలకు నల్లబట్టలు కొనమని నేను చెప్పడం లేదు. ఒంటికి అతుక్కునే బట్ట అయితే లేతరంగే కొనండి. రంగు గురించి పడే తపనలో సగమైనా వదులు గురించి పడండి. చంక, మెడ, నడుము, ఈ మూడు చోట్ల గాలి దూరి బయటికి పోవాలి. జపాన్‌లో కట్టడాల పనివాళ్లు చిన్న ఫ్యాన్లు బిగించిన జాకెట్లు వేసుకుంటున్నారు. ఆ ఫ్యాన్లు చేసే పని కూడా పొరకూ ఒంటికీ మధ్య ఖాళీలో గాలి ఆడించడమే.

కదలని గాలి మాత్రం శత్రువు. స్వెట్టరు వెచ్చగా ఉండేది ఉన్ని వల్ల ఎంతో, దానిలో చిక్కుకున్న గాలి వల్ల అంతకంటే ఎక్కువ. బనీను మీద బిగుతు చొక్కా, దాని మీద నడుం దగ్గర పట్టేసిన ఓవర్‌కోటు వేస్తే ఆ ఖాళీలన్నీ చిక్కుకున్న గాలే. పల్చటి గుడ్డలే కదా అని మనకు అనిపిస్తుంది. మూడు పల్చటివి బిగించి వేస్తే ఒక మందపాటిదానితో సమానం.

ఇక ఇంటి సంగతులకు వద్దాం. జెర్సీ నుంచి చెబుతాను, ఎందుకంటే అక్కడే మంచి ఉద్దేశంతో చెడగొట్టేవాళ్లు ఎక్కువ. క్రికెట్ కోచింగ్‌కు వెళ్లే పిల్లాడికి చెమట పీల్చాలని జెర్సీ లోపల కాటన్ బనీను తొడుగుతారు. మామూలు గాలిలో పత్తి తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టుకుంటుంది, పాలియెస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. స్పోర్ట్స్ జెర్సీ పనితనం అంతా ఆ పట్టుకోకపోవడంలోనే ఉంది. సన్నటి పోగుల సందుల్లోంచి చెమటను పాకించి, పైన పల్చగా పరిచి ఆరబెడుతుంది. అందుకు అది చర్మానికి ఆనాలి. మధ్యలో కాటన్ బనీను ఉంటే చెమటంతా దాని పోగులే తాగి ఉబ్బుతాయి, బనీను ముద్దై ఒంటికి అంటుకుంటుంది, పైన జెర్సీకి పని ఉండదు. కాబట్టి జెర్సీ వేస్తే జెర్సీ ఒక్కటే. ఒకవేళ అది ఊదినా గాలి దూరని చవక పాలియెస్టర్ అయితే దాన్ని పక్కనబెట్టి వదులైన కాటన్ టీషర్టు వేసి, మధ్యలో ఒకసారి మార్చండి. కొట్టులోనే తెలుసుకోవచ్చు: గుడ్డను నోటికి ఆనించి ఊది, అవతలి వైపు చెయ్యి పెట్టి చూడండి. గాలి తగలాలి. ఒక నీటి చుక్క వేయండి. గబగబా పరుచుకుంటే పనికొచ్చే గుడ్డ, ముత్యంలా నిలబడితే ఎండాకాలానికి కాదు. కొట్టువాడు విచిత్రంగా చూస్తాడు, చూడనివ్వండి.

కాటన్ బనీను నప్పేది వదులైన కాటన్ చొక్కా కింద. బడికి అది మంచి జోడీ, ముఖ్యంగా పొడి ఎండల ఊళ్లలో. తడిసిన బనీను నెమ్మదిగా ఆరుతూ చాలాసేపు చల్లగా ఉంచుతుంది. కోస్తాలో మాత్రం అది ఆరదు. అక్కడ సంచీలో మడతపెట్టిన రెండో బనీను ఒకటి పెట్టండి, మధ్యాహ్నం అన్నాల గంటలో మార్చుకుంటాడు. ఏసీ బస్సులో వచ్చే పిల్లలకూ ఇదే మాట. తడి బనీనుతో ఏసీ గాలిలో కూర్చుంటే ఎండలో రావాల్సిన చల్లదనమంతా అక్కడ ఒక్కసారిగా వచ్చి వణికిస్తుంది.

బండి మీద తీసుకెళ్లేటప్పుడు మన అంచనా ఇంకోలా తప్పుతుంది. ఎండగా ఉంది కదా అని చేతుల్లేని బనీనుతో పిల్లను ముందు కూర్చోబెడతాం. గాలి 42 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ వడగాలి నేరుగా చర్మాన్ని కొడుతూ వేడెక్కిస్తుంది. అప్పుడు ఒక పొర ఎక్కువ ఉండటమే మేలు. పొడుగు చేతుల వదులు కాటన్ చొక్కా, తల మీద పల్చటి చున్నీ. పొలంలో రైతు తలగుడ్డ చుట్టేది ఊరికే కాదు. ఆ చుట్ల మధ్య గాలి ఎండ వేడిని ఆపుతుంది, లోపలి చుట్టు నుదుటి చెమటను తాగుతుంది.

పెళ్లిళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వైశాఖ జ్యేష్ఠాల్లోనూ ముహూర్తాలు వస్తాయి, అమ్మాయికి పట్టు లంగా జాకెట్టు కుట్టించాల్సిందే. ఆ ముచ్చట వద్దనడానికి నేనెవరిని! అసలు పట్టుతో పేచీ లేదు. పట్టు తేమను పీల్చుకునే దారమే. పేచీ అంతా లోపలి లైనింగ్‌తో. టైలర్లు అలవాటుగా వేసేది క్రేప్ లేదా శాటిన్, రెండూ చాలావరకు పాలియెస్టరే. జాకెట్టు బిగుతుగా ఉంటుంది, లైనింగ్ ఒంటికి అంటుకుంటుంది, చెమట దాన్ని దాటదు, మండపంలో పిల్ల ఏడుస్తుంది, "ఎందుకే ఏడుస్తావ్, అందరూ చూస్తున్నారు" అని మనం కసురుతాం. గుడ్డ ఇచ్చేటప్పుడే టైలర్‌తో కాటన్ లైనింగ్ అని చెప్పండి. మల్ గుడ్డ అయితే ఇంకా మెత్తన. దొరక్కపోతే ఇంట్లో నాన్నగారి పాత పంచె ఒకటి ఇచ్చినా చాలు. చంకల దగ్గర ఒక అంగుళం వదులు పెట్టమనండి, కుట్టు విప్పుకునే గుడ్డ ఎటూ లోపల ఉంచుతారు. క్యాన్‌క్యాన్‌ను విడిగా కట్టుకునే లంగాలా కుట్టించండి, ఫొటోలు కాగానే తీసేయవచ్చు. సంచీలో ఒక కాటన్ గౌను తీసుకెళ్లండి. భోజనాల వేళకు మార్చేస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

పసిబిడ్డల విషయంలో పెద్దవాళ్లతో నెమ్మదిగానే మాట్లాడాలి. బాలింత గదిలో కిటికీలు మూసి, బిడ్డకు టోపీ, మేజోళ్లు, పైన టవలు చుట్టడం ప్రేమతో చేసేదే. పుట్టిన తొలి గంటల్లో, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు, చలికాలంలో ఆ వెచ్చదనం నిజంగా అవసరం, అక్కడ డాక్టరు చెప్పినట్టే చేయండి. నెలలు నిండి పుట్టి ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు మే నెలలో అవసరం లేదు. పసివాళ్లకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, వేడి పోయే ముఖ్యమైన దారి కూడా అదే. ఇంట్లో టోపీ పెట్టి ఆ దారి మూయకండి. నిద్రలో ఒళ్లు మరీ వేడెక్కడాన్ని పసికందుల హఠాన్మరణాలకు ఒక ప్రమాద కారణంగా వైద్యులు లెక్కిస్తారు. అత్తగారికి "మీకు తెలియదు" అని చెప్పేకన్నా, బిడ్డ ఛాతీ మీదో మెడ వెనకో చెయ్యి పెట్టి చూడమనండి. అక్కడ వేడిగా, చెమటగా ఉంటే ఒక పొర తీసేయాల్సిందేనని ఆవిడే అంటారు. అరచేతులు, పాదాలు చూసి తీర్పు చెప్పకూడదు, అవి పసివాళ్లకు మామూలుగానే చల్లగా ఉంటాయి.

బిడ్డ కింద ఏముందో కూడా చూడండి. తడవకుండా వేసే రబ్బరు షీటు మీద పల్చటి గుడ్డ ఒక్కటే ఉంటే వీపు కింద చెమట ఎటూ పోదు, రెండు రోజుల్లో చెమటకాయలు లేస్తాయి. షీటు మీద పాత చీరలతో కుట్టిన బొంత వేయండి, సమంగా పరిచి. బొంత పొరలన్నీ నలిగి నలిగి మెత్తబడ్డ పత్తి, తేమను లోపలికి లాగుతాయి. చీర ఉయ్యాల కడితే నూలు చీరతోనే కట్టండి, రెండు అంచులూ బిడ్డ మీద మూసుకుపోకుండా మధ్యలో కర్ర పెట్టండి. దోమలకని ఉయ్యాల మీద దుప్పటి కప్పితే లోపల గాలి నిలిచిపోతుంది, దోమతెర వేరే కట్టుకోవాలి. మధ్యాహ్నం రెండు మూడు గంటలు డైపరు లేకుండా వదిలేయండి. చెమటకాయల మీద పౌడరు దట్టించకండి, పొర మీద పొర అవుతుంది.

జ్వరం వస్తే దుప్పటి కప్పే అలవాటు ఇంకా పోలేదు. వణుకుతున్న కాసేపు కప్పండి, వణుకు తగ్గగానే తీసి ఒక్క పల్చటి గుడ్డతో ఉంచండి. ఎండలో ఆడి వచ్చిన పిల్లవాడు ఒళ్లు కాలిపోతూ తికమకగా మాట్లాడినా, తూలినా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, బట్టలన్నీ తీసేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. మజ్జిగ, ఓఆర్ఎస్ ముందు జాగ్రత్తకు, తెలివిలో ఉన్నవాడికి.

చివరగా బడి యూనిఫాం. మన కోర్టుల్లో ఒక వెసులుబాటు ఉంది. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్ప మిగతా కోర్టుల్లో వేసవిలో లాయర్లకు నల్లకోటు తప్పనిసరి కాదు. ఏడేళ్ల పిల్లకు మాత్రం జూన్‌లోనూ చుడీదార్ మీద ఓవర్‌కోటు, మెడకు టై, కాళ్లకు నైలాన్ సాక్సు తప్పవు! చాలా యూనిఫాం గుడ్డల్లో పాలియెస్టర్ పాలు మూడింట రెండొంతుల దాకా ఉంటుంది. ఉతికితే త్వరగా ఆరుతుంది, ఇస్త్రీ అక్కర్లేదు, రంగు పోదు, అది మన సౌకర్యం. దాన్ని పూర్తిగా తప్పుపట్టలేను, ఉదయం ఆరింటికి ఇస్త్రీ పెట్టె పట్టుకునేది ఎవరో నాకూ తెలుసు. కానీ పై పొరలు తగ్గించడానికి ఇస్త్రీతో పనిలేదు.

బళ్లు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. వానలు ఒక్కోసారి దానికి ముందే వస్తాయి, ఒక్కోసారి నెలాఖరు దాకా రావు. కాబట్టి సెలవుల్లోనే, యూనిఫాం గుడ్డ కొనకముందే, నలుగురు తల్లిదండ్రులు కలిసి హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లండి. వానలు పడేదాకా టై, ఓవర్‌కోటు, సాక్సు లేకుండా పంపుతామని, చొక్కా గుడ్డలో పత్తి పాలు పెంచమని అడగండి. ఒక్కరే వెళ్తే రూల్సు చెబుతారు. నలుగురు వెళ్తే వింటారు.